చుట్టల పెట్టెకు పోసే నీళ్లు

మంటకు పోయే వస్తువును ఇంత జాగ్రత్తగా కాపాడటం పాపమా, కాదా అన్న అనుమానం సుందరానికి ఏళ్లుగా ఉంది. పాస్టరుగారిని అడగలేదు. మానెయ్యమంటే? పని మానేస్తే ఉమామహేశ్ సారు బంగళా వెనక తాముంటున్న గది కూడా పోతుంది.

పెట్టె మూత తీసి, అడుగున ఉన్న విదేశీ చుట్టలను పైకి, పైవాటిని అడుగుకు మార్చాడు. మోటు వేళ్లు. అయినా ఆకు చిట్లకుండా ఒక్కొక్కదాన్నే ఎత్తాడు. తేమ చూపే ముల్లు కిందికి దిగి ఉంది. బేతంచెర్ల ఎండకు ఏసీ గదిలోనూ ఆకు పగులుతుంది; తడి ఎక్కువైతే బూజు. బోరు నీళ్లు పోస్తే పెట్టెలో తేమనిచ్చే స్పాంజికి సున్నం పడుతుంది, అందుకే డిస్టిల్డ్ వాటర్. ఈ పెట్టె వచ్చాక సుందరం ఒక్క రాత్రి బయట గడపలేదు. ఆదివారం ఆరాధన కూడా కిటికీలోంచి మైకులో వినడమే.

సీసా వంచబోతుంటే భార్య ప్రేమజ్యోతి గుమ్మంలో నిలబడింది.

“మీ అన్న కాడ్నించే వస్తాండా. ఆక్సిజన్ మిషిన్ సీసాలో బోరు నీళ్లు పోసినారంట. సున్నం కట్టి పూడిపోయింది. కడిగినారు గానీ, పోసేదానికి మంచి నీళ్లు ల్యావు. తడి లేని ఒట్టి గాలికి ముక్కులో రక్తం కారతాండాది.”

“మందుల షాపులో?”

“రేపొస్తాయంట.”

“సారు కదలొద్దన్నాడు. సాయంత్రం ఎవరో పెద్దోళ్లు వస్తాండారు.”

“ఆకుకు నోరెండగూడదు, మా బావకు ఎండొచ్చు. బాగుండాదయ్యా నీ కొలువు!”

సుందరం ఫోన్ చేశాడు. “సార్, మా అన్నకు శానా బాగలేదు. గంటలో వస్తా.”

“ఇయ్యాలేనా నీకు? ముల్లు దిగిందని పొద్దున నువ్వే చెప్తివి గదప్పా. పెట్టె ఇడిసి పోతే మళ్లీ రావద్దు.”

స్పాంజి పొడిగా ఉంది. సుందరం మూత వేశాడు. నీళ్ల సీసాను తువ్వాల్లో చుట్టుకుని ప్రేమజ్యోతితో ఎండలోకి నడిచాడు.

నాపరాళ్లు కోసి కోసి అన్న ఏసుబాబు ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే. దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంటలు లోతవుతున్నాయి. సుందరం నీళ్లు పోసి మిషిన్ సీసా బిగించాడు. బుడగలు లేచాయి.

“మీ సారు చుట్టల నీళ్లా ఇవి?” అన్నాడు ఏసుబాబు. “పొగాకు వాసన వస్తాండాదిరా.”

“ఊరుకోన్నా.”

“సల్లగుండాదిలే.”

చిన్నతనంలో ఇద్దరూ గనిలో పనిచేసేటప్పుడు, మధ్యాహ్నం తన వంతు నీళ్లలో సగం తమ్ముడి చెంబులో పోసేవాడు ఏసుబాబు. వద్దన్నా వినేవాడు కాదు. ఆ నీళ్లు ఇన్నాళ్లకు వెనక్కి ఇచ్చినట్టనిపించింది సుందరానికి.

జేబులో ఫోన్ మోగింది. తియ్యలేదు. అన్న చెయ్యి పట్టుకుని కీర్తన ఎత్తుకున్నాడు. రెండో చరణంలో ఆ వేళ్ల బిగువు సడలింది. పాట మాత్రం చివరిదాకా పాడాడు.

ప్రేమజ్యోతి బావ ముక్కు నుంచి గొట్టం తీసి పక్కన పెట్టింది. మిషిన్ ఆపాలని ఎవరికీ తోచలేదు. దిండు మీద ఆ గొట్టం తడిగాలి ఊదుతూనే ఉంది. గలేబు మీద చిన్న చెమ్మ మచ్చ మెల్లగా పెద్దదవుతోంది.