ఎర్రమూత డబ్బా

మా ఆయన కొర్నేలి ఖాకీ చొక్కా కాలరు నేను ఇస్త్రీ చేస్తుంటే మా అమ్మాయి జెన్నీ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. గొంతు పెద్దమనిషిలా మార్చి, నా గురించి నన్ను చెప్పుకోమంది. నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కొంగు సర్దుకుని, గడగడా చెప్పేశాను. కొర్నేలి గారి వైఫుని, సెక్టర్ సిక్స్, స్ట్రీట్ ఫోర్టీన్, సెవెన్ బి. ఆ తర్వాత ప్లాంటువాళ్లు మా ఆయనకిచ్చిన పర్సనల్ నంబరు, ఆరంకెలూ, ఎక్కడా తడబడకుండా.

జెన్నీ తల పట్టుకుంది. "మమ్మీ, నీ గురించి అడిగాను. పప్పా గురించి కాదు."

ఏం చెయ్యను, అలవాటు. ఇరవై రెండేళ్లుగా ఈ స్టీలు ప్లాంటు టౌన్‌షిప్‌లో ఎక్కడికెళ్లినా ముందు ఆ నంబరే. ఆస్పత్రి చీటీకి అదే, కుళాయి కారుతోందని కంప్లెయింటు రాయించడానికి అదే, జెన్నీని స్కూల్లో వేసినప్పుడూ అదే. కౌంటరు అవతలివాళ్లు తలెత్తకుండా నంబర్ అంటారు, మనం చెప్తాం, వాళ్లు రాసుకుంటారు. పేరు అడిగినవాళ్లు తక్కువ. నా పేరు సులోచన అని నేనే బయటికి చెప్పి ఎన్నాళ్లయిందో. జెన్నీ మళ్లీ చెప్పమంటే చెప్పాను గానీ, ఎవరో పక్కింటావిడ గురించి చెప్తున్నట్టు వినిపించింది నాకే.

ఇంటర్వ్యూ సోమవారం పదకొండింటికి. టౌన్‌షిప్ బయట కోహ్కాలో కొత్తగా తెరిచిన ప్రైవేటు ఆస్పత్రిలో వంటగది సూపర్‌వైజర్ ఉద్యోగం. చర్చిలో ఎవరో చెప్తే జెన్నీయే ఫోన్‌లో ఫారం నింపింది. వాళ్లు పిలిచిన రోజు నుంచీ నా కాళ్లు నేల మీద లేవు. పప్పులో పోపు రెండుసార్లు పెట్టాను. ఇంటర్మీడియెట్ సర్టిఫికెట్ ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసి జిరాక్స్ చేయించాను. స్టూడియోకెళ్లి తెల్ల పరదా ముందు ఫొటో దిగాను. రేషన్ కార్డుకీ ఆధార్‌కీ తప్ప నేనొక్కదాన్నే ఫొటో దిగడం పెళ్లయ్యాక ఇదే మొదలు. ఆ ఫొటోలో నవ్వుతున్నాను కూడా.

బయోడేటాలో అనుభవం అన్న చోట చిక్కొచ్చింది. ఖాళీగా వదిలేయమన్నాను. టిఫిన్ తింటున్న కొర్నేలి తలెత్తకుండానే, "నిల్ అని రాయే. ఇంట్లో వండుకున్నదానికి ఎక్స్‌పీరియన్స్ ఏటి?" అన్నాడు. కోపంగా అనలేదు. ఈయన కోపంగా ఎప్పుడూ అనడు, అదే బాధ. కోపంగా అంటే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. చట్నీ బాగుందన్న గొంతుతోనే నిల్ అంటే ఏం చెయ్యాలి? జెన్నీ నిల్ అనే కొట్టింది. ఆయన చెయ్యి కడుక్కుని, అన్నం డబ్బా అందుకుంటూ రోజూ అనేదే అన్నాడు. "పచ్చడి వేరేగా పెట్టావా? అన్నంలో కలిసిపోతే నాకు నచ్చదు." పెట్టానన్నాను. ఇరవై రెండేళ్లుగా పెడుతూనే ఉన్నాను.

ఆయన వెళ్లాక వంటింటి గోడ మీద క్యాలెండర్ చూశాను. ప్రతి తేదీ కింద ఏ, బీ, సీ అని ఆ రోజు షిఫ్టు రాసుంది. నేను కాపురానికొచ్చేసరికి ఈ ఇంట్లో ప్లాంటుకెళ్లే మగవాళ్లు ముగ్గురు. మావయ్య, కొర్నేలి, మా మరిది ఇమ్మాను. ముగ్గురివీ వేరే వేరే షిఫ్టులు, అవి కూడా వారం వారం మారేవి. ఒకరు తిని పడుకుంటే ఒకరు లేచేవారు, ఇంకొకరు సైకిలు దిగేవారు. మావయ్యకి బీపీ, ఉప్పు లేకుండా. ఇమ్మానుకి కారం లేకపోతే ముద్ద దిగదు. ఎవరికి ఏ పూట ఏం కావాలో ఆ క్యాలెండర్ మీద మూడు రంగుల పెన్నులతో రాసుకునేదాన్ని. మావయ్య పోయారు, ఇమ్మాను క్యాంప్ వన్‌లో వేరే కాపురం పెట్టాడు, ఇప్పుడు ఒక్క రంగే మిగిలింది. కానీ ఒక్కరోజు కూడా, జెన్నీ పుట్టిన వారం తప్ప, ఎవరూ ఈ గుమ్మం ఖాళీ డబ్బాతో దాటలేదు. నిలవచేసి పెట్టిన పాత క్యాలెండర్లు మంచం కింద నుంచి లాగాను. జెన్నీ నా పక్కన నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పింది. తర్వాత లాప్‌టాప్ తెచ్చి నిల్ కొట్టేసింది. మూడు షిఫ్టుల వంటగది నిర్వహణ, ఇరవై రెండేళ్లు అని రాసింది. నేను దాన్ని రెండుసార్లు చదివాను.

ఇక శని, ఆదివారాలు ఇంట్లో తరగతులే. నిమ్మతొక్కతో గోళ్ల పసుపు వదిలించుకున్నాను. తెగిన చెప్పు కుట్టించాను. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోమని జెన్నీ పదిసార్లు చెప్పింది. నాకు చేత కాలేదు. ఎందుకా అని ఆలోచిస్తే తెలిసింది, నేను ఎప్పుడూ అంచు మీదే కూర్చుంటాను. ఎవరు పిలిచినా చప్పున లేవడానికి. ఆదివారం సాయంత్రం పావుగంట వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. కొర్నేలి మంచినీళ్లు అడిగాడు. లేవబోయి, మళ్లీ ఆనుకున్నాను. ఆయన కాసేపు చూసి తనే వెళ్లి తాగాడు.

మా అత్త నూకరత్నం రెండు రోజులుగా మూతి ముడుచుకునే ఉంది. "నలభై నాలుగేళ్లకి పెళ్లిచూపులేటమ్మా నీకు" అని ఒకటి విసిరింది కూడా. సోమవారం పొద్దున్న నేను మెత్తటి సింథటిక్ చీర కట్టుకుని బయటికొస్తే, ప్రార్థన ఆపి, కళ్లజోడు పైకి నెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"వండడానికి వెళ్తన్నావా, వండించడానికా?"

"వండించడానికే అత్తా."

"మరి ఆ చీరేటి? గంజి పెట్టింది కట్టు. నిన్ను చూస్తే అవతలోళ్లు లేచి నిల్చోవాలి."

నీలం అంచు నేత చీర కట్టాను. కుచ్చిళ్లు ఆవిడే సర్దింది, నడుం నొప్పితో నేల మీద కూర్చుని మరీ.

ఇంటర్వ్యూ గదిలో ఒక మేడమ్, ఒక డాక్టరు గారు ఉన్నారు. వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. మేడమ్ హిందీలో నా గురించి చెప్పమంది. నోరు తెరిచాను. కొర్నేలి గారి వైఫుని, సెక్టర్ సిక్స్, స్ట్రీట్ ఫోర్టీన్. నంబరు కూడా సగం వచ్చేసింది. మేడమ్ పెన్ను ఆపి, ఇది ఎవరి నంబరని అడిగింది.

అయిపోయింది, లేచి వెళ్లిపోదామనుకున్నాను. కానీ కూర్చున్నది అంచు మీద కాదు కదా, లేవడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణంలోనే ఫైలు కింద పెట్టుకుని తెచ్చిన పాత క్యాలెండర్ చేతికి తగిలింది. "అది మా ఆయనది మేడమ్. నా పేరు సులోచన. నేను చేసిన పని ఇది" అని బల్ల మీద పరిచాను. మూడు రంగులూ ఏమిటో చెప్పాను.

మేడమ్ ముందుకు వంగింది. వంద మంది రోగులు, నలభై మందికి ఉప్పు వద్దు, పొద్దున్న ఒక వంటామె రాలేదు, ఏం చేస్తావు అంది. ఇదా ప్రశ్న అనుకున్నాను. మొత్తం పప్పు ఉప్పు లేకుండా ఒకే గిన్నెలో ఉడికిస్తాను, నలభై మందిది ముందు తీసి పేర్లు రాసి పక్కన పెట్టిస్తాను, మిగతాదానిలో ఉప్పేసి పోపు పెట్టిస్తాను. రెండు పొయ్యిలూ రెండు కూరలూ అక్కర్లేదు, ఒక మనిషి తక్కువైనా టైముకి బండి కదులుతుంది. అలా చెప్తూనే ఉన్నాను. నా గొంతు గదంతా వినిపిస్తోంది, తగ్గించాలనిపించలేదు. డాక్టరు గారు ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావన్నారు. మా మావయ్య దగ్గర, అన్నాను. ఆయన ప్లేటులో.

గురువారం నుంచి రమ్మన్నారు. నాకో నంబరు కూడా ఇచ్చారు, నాలుగంకెలది. ఆటోలో ఇంటికొచ్చేదాకా దాన్నే వల్లె వేశాను.

కొర్నేలి వచ్చేసరికి నేను గోడ క్యాలెండర్ దగ్గర ఎర్రపెన్నుతో నిలబడి ఉన్నాను. ఆయన షిఫ్టుల కింద నావి రాస్తున్నాను. ఉద్యోగం వచ్చిందని అత్త వీధిలోనే చెప్పేసినట్టుంది, ఏమీ అడగకుండా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గురువారం దగ్గర వేలు పెట్టాడు. ఆయనదీ ఏ, నాదీ ఏ, పొద్దుటి షిఫ్టే.

"ఇద్దరిదీ ఒకే షిఫ్టా? మరి నా డబ్బా ఎవులు కడతారే?"

"మీకు అయిదున్నరకి కదా బయల్దేరడం. నాకు అయిదింటికే ఆటో" అన్నాను. పెన్ను మూత పెట్టి, పైఅరలో ఇమ్మాను వదిలేసి వెళ్లిన డబ్బా దించి, తుడిచి, ఆయన చేతికిచ్చాను.

"ఈ ఎర్రమూతది నాది. పచ్చడి వేరేగా పెట్టండి. అన్నంలో కలిసిపోతే నాకు నచ్చదు."