ఖాళీ సీసా

చలి మొదలయ్యాక మా అయ్‌జిరెక్ గొంతు వాయడం అది నాలుగోసారి. ఐదేళ్ల పిల్ల, గుక్కెడు నీళ్లు మింగాలన్నా ఏడ్చేది. ఆ మెడ తడిమినప్పుడల్లా నా ప్రాణం పోయేది.

నరీన్ ఊరి ఆసుపత్రిలో జూరా డాక్టరమ్మ టార్చి వేసి గొంతు చూసింది.

"కిందటిసారి మందు ఎన్ని రోజులు వేశావ్?"

"జ్వరం తగ్గేదాకా. మూడు రోజులు."

"మిగిలింది?"

"పక్కింటికి ఇచ్చేశాను." మా వీధిలో మిగిలిన యాంటీబయాటిక్ పెరుగుతోడులాగా ఇంటింటికీ తిరుగుతుంది.

"సగంలో ఆపితే రోగం చావదు. రేపు గుండెకి పాకినా పాకొచ్చు," అందావిడ. "పది రోజులు, రెండు పూటలా వెయ్యి. పదకొండో రోజు ఖాళీ సీసా తెచ్చి నా చేతిలో పెట్టు."

నాలుగో రోజుకే జ్వరం పోయింది. పిల్ల రొట్టె నములుతూ గెంతుతోంది. మా అత్తగారు సాకిన్ సీసాని బీరువాలో పెట్టబోయింది.

"చాల్లే అమ్మాయ్! మిగిలింది వచ్చే నెలకి పనికొస్తుంది."

"వచ్చే నెల మళ్లీ రాకూడదనే వేస్తున్నానత్తయ్యా," అని లాక్కున్నాను.

అదే పూట పక్కింటి బుర్మకాన్ గిన్నెతో దిగింది. "మా వాడికీ గొంతునొప్పే. రెండు చెంచాలు పొయ్యి. నీ పిల్లకి తగ్గిపోయిందిగా!"

గిన్నెతో వచ్చినవాళ్లని నేనెప్పుడూ ఉత్త చేతులతో పంపలేదు. "మీగడ పోస్తాను వదినా, మందు పొయ్యను. వాణ్ణి డాక్టరమ్మకి చూపించు."

"అబ్బో, బంగారం దాచుకున్నట్టు!" అని మూతి తిప్పింది. మీగడ మాత్రం పట్టుకుపోయింది.

పదో రోజు సాయంత్రం సీసా బోర్లించి ఆఖరి చుక్క కూడా నాకించాను. మర్నాడు ఆసుపత్రికి బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మంలో అడ్డుపడింది.

"ఖాళీది తిరిగిస్తావా? మన పరువేం కాను!" అంటూ ఎండు పెరుగుండల మూట ఒకటి సీసా మెడకి కట్టింది.

డాక్టరమ్మ పిల్ల గొంతు చూసింది. సీసా తలకిందులు చేసి చూసింది. ఒక ఉండ నోట్లో వేసుకుని, "ఇంత శుభ్రమైన సీసా నాకెవరూ తేలేదే!" అని నవ్వింది.

అయినా నెలంతా పొద్దున్నే పిల్ల మెడ తడుముతూనే ఉన్నాను. వాపు రాలేదు. మంచు కరిగేవేళ అయ్‌జిరెక్ వీధి మధ్యలో నిలబడి గొర్రెపిల్లని పిలుస్తూ అరిచింది.

"ఏం గొంతే నీది, చెవులు చిల్లులు పడుతున్నాయ్!" అని తిడుతూ బుర్మకాన్ బయటికొచ్చింది. ఆమె చేతిలో ఖాళీ సీసా ఉంది, దాని మెడకి ఓ మూట.

"అరవనీ వదినా," అన్నాను. "ఇంకా గట్టిగా అరవవే తల్లీ!"