గురుస్వామి నన్నెక్కిన రోజు

నేను ఒక నడక యంత్రాన్ని. ఆసుపత్రివాళ్ళు ట్రెడ్‌మిల్ అంటారు. పేషెంట్లు మాత్రం నా పేరు పలకడానికే జంకి "ఆ పరుగు పరీక్ష" అంటారు. నా మీద మనిషి ఎంతసేపు నడిచినా ఎక్కిన చోటే దిగుతాడు. అందుకని నన్ను తక్కువగా చూడకండి. ఊరంతా తిరిగినా తెలియని సంగతి నా మీద తొమ్మిది నిమిషాల్లో తెలిసిపోతుంది.

నేను పుట్టింది బెంగుళూరు పక్కన ఒక రేకుల షెడ్డులో. నాకు ఎర్ర బటన్ బిగించిన మనిషి దాన్ని ఇరవైసార్లు నొక్కి, ఇరవైసార్లూ నేను ఆగానని చూసుకున్నాకే బయటికి పంపాడు. అతనంటే నాకిప్పటికీ గౌరవం. మొదట హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆరేళ్ళు పనిచేశాను. అక్కడివాళ్ళు ఖరీదైన బూట్లతో వచ్చి, నా మీద పరిగెత్తి, రిపోర్టును ఫొటో తీసి స్నేహితులకు పంపుకునేవాళ్ళు. తరవాత నాకంటే సన్నటి యంత్రం ఒకటి వచ్చింది. నన్ను లారీ ఎక్కించారు. అలా తాడేపల్లిగూడెంలో ఒక గుండె డాక్టరుగారి చిన్న ఆసుపత్రికి చేరాను. ఇక్కడ ఎనిమిదేళ్ళయింది.

భయం ఎన్ని వేషాలు వేస్తుందో ఇక్కడే చూశాను. ఒకాయన అమావాస్య వెళ్ళాక వస్తానంటూ మూడు అమావాస్యలు దాటించాడు. ఒకావిడ తనది గుండె నొప్పి కాదు, ఒట్టి గ్యాసేనని చెప్పి, సంచిలోంచి సోడా తీసి తాగి, డాక్టరుగారి ఎదుటే త్రేన్చి చూపించింది. నన్నెక్కితే ఉన్న గుండె కాస్తా ఆగిపోతుందని అందరి అనుమానం. నిక్కచ్చిగా చెబుతున్నాను, పద్నాలుగేళ్ళలో నా మీద ఒక్క ప్రాణం పోలేదు. నా పక్కన డాక్టరుంటాడు, మందులుంటాయి, ఎర్ర బటనుంటుంది. రోడ్డు మీద నడిచేవాడికి ఇవేవీ ఉండవు. అయినా రోడ్డును చూసి ఎవరూ భయపడరు.

అందరిలోకీ నాకు బాగా గుర్తున్నవాడు సూర్యచంద్రం గురుస్వామి. ఊళ్ళో షామియానాలు వేయించే మేస్త్రి. మూడేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు యాభై ఎనిమిదేళ్ళవాడు. అప్పటికి పదిహేడుసార్లు శబరిమల వెళ్ళాడు. పద్దెనిమిదోసారి వెళ్ళేవాళ్ళు కొబ్బరి మొక్క తీసుకెళ్ళి స్వామి సన్నిధిలో సమర్పిస్తారు. ఆ భాగ్యం ఆయనకు ఆ ఏడాదే. ఆయన వెనక నడవడానికి పన్నెండుమంది మాల వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఇంకా పది రోజుల్లో ప్రయాణమనగా, గుంజ పాతుతుంటే ఛాతీ పట్టేసింది. డాక్టరుగారు ఈ పరీక్ష చేయించుకున్నాకే కొండెక్కాలన్నారు.

మొదటిరోజు గుమ్మంలోనే ఆగి, దీక్షలో ఉన్నాను, బూట్లు తొడగనన్నాడు. పరీక్ష చేసే నర్సు ఎస్తేరు ఉత్తి కాళ్ళతో నడవొచ్చని చెప్పింది. అయితే రేపొస్తానని వెళ్ళిపోయాడు. రెండోరోజు చొక్కా విప్పేదాకా వచ్చి, ఆమె చేతిలో రేజరు చూసి వెనక్కి తగ్గాడు.

"బిళ్ళలు అంటించాలి కదా స్వామీ, ఛాతీ మీద అక్కడక్కడ జుట్టు తీస్తానంతే," అంది ఎస్తేరు.

"మాల వేసుకున్నాక ఒంటి మీద కత్తి పడకూడదు మాతా," అన్నాడు. అని, సెలవిచ్చిన బడిపిల్లాడి మొహంతో బయటపడ్డాడు. నియమం నిజమే. కానీ ఆ మొహంలో కనిపించింది నియమం కాదు.

మూడోరోజు ఆయన భార్య మంగతాయారు వెంటబెట్టుకుని వచ్చింది. దీక్షలో ఉన్న భర్తను ఆవిడ స్వామీ అంటుంది, ఆయన ఆవిడను మాతా అంటాడు. పోట్లాట కూడా ఆ మర్యాదలోనే జరిగింది.

"పోయినేడు షుగరున్న స్వామి కాలికి పుండుతో వస్తే, చెప్పులు వేసుకోమన్నది ఎవరు స్వామీ?"

"నేనే. కాలు తీసేస్తారేమోనని చెప్పాను మాతా. అది వేరు."

"కాలికి సడలించిన నియమం గుండెకి సడలించకూడదా?"

గురుస్వామి నా బెల్టు అంచున కూలబడ్డాడు. అసలు మాట అప్పుడు వచ్చింది.

"ఇక్కడ చచ్చిపోతానని కాదు మాతా నా భయం. బాగాలేదని తేలితే కొండెక్కొద్దంటారు. పదిహేడేళ్ళు ఎక్కి, ఈ ఏడు ఆగిపొమ్మంటే నావల్ల కాదు."

"పరీక్ష లేకుండా ఎక్కి, నీలిమల ఎత్తు మీద పడిపోతే? మీ వెనక పన్నెండుమంది. అందులో నలుగురు మొదటిసారి వస్తున్న కన్నెస్వాములు, దారి కూడా తెలీదు. మిమ్మల్ని మోసుకుని కిందికి దిగుతారా, ఇరుముడులతో పైకెళ్తారా?"

తన ప్రాణం సంగతైతే ఆయన ఇంకో పది రోజులు వాయిదా వేసేవాడే. తన్ను నమ్ముకున్నవాళ్ళ సంగతి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు.

"కానివ్వండి మాతా. ఎంత అవసరమో అంతే తీయండి. ఈ తప్పు నాది. స్వామికి నేను చెప్పుకుంటాను," అని ఎస్తేరు ముందు ఛాతీ పెట్టాడు.

ఎక్కేముందు వంగి నా బెల్టు తాకి కళ్ళకద్దుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను.

మొదటి మూడు నిమిషాలు హాయిగా నడిచాడు. కొండలు తిరిగిన పాదాలు, తడబాటే లేదు. తరవాత నేను వాలు పెంచాను. నాలుగో నిమిషంలో "స్వామియే" అని ఎలుగెత్తాడు. కుర్చీలోంచి మంగతాయారు "శరణమయ్యప్ప" అంది. ఎస్తేరు నవ్వుకుంది. ఇంకాసేపటికి మళ్ళీ "స్వామియే", ఇంకా గట్టిగా. మళ్ళీ "శరణమయ్యప్ప".

వాళ్ళకి వినిపించింది భక్తి. నాకు పాదం తెలుస్తోంది. పిలిచిన ప్రతిసారీ కుడికాలు ఈడుస్తున్నాడు, బరువంతా చేతికమ్మి మీద వేస్తున్నాడు. ఊపిరి అందనప్పుడు శరణం అందుకుంటే వెనకాలవాళ్ళు బదులు పలుకుతారు, ఈలోగా ఊపిరి అందుతుంది. ఎన్నాళ్ళుగా ఇలా నెట్టుకొస్తున్నాడో ఎవరూ పసిగట్టలేదు.

మూడోసారి పిలిచినప్పుడు మంగతాయారు బదులు పలకలేదు. నెల రోజులుగా ఇంట్లో డాబా మెట్ల మీద ఇదే పిలుపు వింటోందట. లేచి వచ్చి, కమ్మి పట్టుకున్న ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"ఏవండీ, నొప్పిగా ఉందా?"

ఆ పిలుపు విని నెల దాటింది కాబోలు, ఆయన తలతిప్పి చూశాడు.

"ఉంది తాయారూ. చాలా ఉంది."

ఎస్తేరు ఎర్ర బటన్ నొక్కింది. నేను టక్కున ఆగాను.

డాక్టరుగారు నాలుక కింద మాత్ర పెట్టించి, ఈసీజీ గీతలు చూసి, ఆ మధ్యాహ్నమే ఏలూరు పంపారు. రెండు రక్తనాళాలు పూడుకుపోయాయట, స్టెంట్లు వేశారు. మాల ఊళ్ళో గుడిలోనే తీశాడు. పన్నెండుమందినీ ఇంకో పెద్దస్వామి తీసుకెళ్ళాడు. కొబ్బరి మొక్క కూడా వాళ్ళతో పంపెయ్యమంటే మాత్రం ఒప్పుకోలేదు, వచ్చే ఏడు నేనే మోస్తానన్నాడు. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఎంత ధీమాగా అన్నాడో ఎస్తేరు చెప్పుకుని నవ్వింది. అన్నట్టే మరుసటి ఏడు వచ్చి, నా మీద తొమ్మిది నిమిషాలు నోరు మెదపకుండా నడిచి, డాక్టరుగారి చేత సరే అనిపించుకుని వెళ్ళి మొక్క సమర్పించి వచ్చాడు.

అప్పట్నుంచి ఆయన బృందంలో కొత్త నియమం. యాభై దాటినవాళ్ళు నన్నెక్కి దిగితే గాని ఇరుముడి కట్టడు. కార్తీకం వచ్చిందంటే మా వరండా నిండా నల్లబట్టల స్వాములే. నా బెల్టు అంచులు చిరిగాయి, మోటారు గురక పెడుతోంది. కంపెనీ మనిషి వచ్చి నన్ను మార్చేయమని చెప్పి వెళ్ళాడు. ఈ సీజను గడవనీయమన్నారు డాక్టరుగారు. నాకు బెంగేమీ లేదు, చేతినిండా పని ఉంది.

నిన్న ఒక భారీ స్వామి వచ్చాడు, రైసుమిల్లు మేనేజరు. నా మీద ఒక కాలు పెట్టి, ఒక కాలు నేల మీదే ఉంచి, కళ్ళు మూసుకుని శరణాలు మొదలెట్టాడు. గురుస్వామి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు.

"శరణాలు కొండ మీద చెబుదురుగాని స్వామీ. ఇక్కడ నొప్పొస్తే నొప్పి అనే చెప్పండి."

ఆయన కళ్ళు తెరిచి రెండో కాలు కూడా పైకి తీసుకున్నాడు.