ఆగమని అనలేని కోడలు

టుం… టుమ్.

ముందుది పై స్వరం, వెనకది కింది స్వరం. వంటింట్లో నూనెలో బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తున్న జీపారా చేతిలో చిల్లుల గరిటె గాలిలోనే ఉండిపోయింది. ముందుగది అక్కడికి కనిపించదు. చప్పుడు మాత్రం తెలిసినదే. కంప్యూటర్‌కు ఏదైనా తగిలిస్తే స్వరం మెట్టెక్కుతుంది, ఊడిపోతే మెట్టు దిగుతుంది. ఇది దిగుతున్నది. మళ్లీ దిగింది. మళ్లీ.

పొయ్యి ఆర్పి పరుగెత్తింది.

కంప్యూటర్ ముందు మామగారు కూర్చున్నాడు. బతుకంతా ట్రాక్టర్లు బాగుచేసిన వేళ్లు ఇప్పుడు మౌస్‌ను నట్టులా తిప్పుతున్నాయి.

"ఏం చేస్తున్నారు ఆతా?"

"నీ డబ్బా పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టట్లేదమ్మా. పాత డ్రైవర్లన్నీ పీకేస్తున్నా. కార్బురేటర్ మొరాయిస్తే ఏం చేస్తాం? విప్పుతాం, తుడుస్తాం, బిగిస్తాం."

"బిగించడానికి స్పానర్ ఏదీ?"

"దీనికి స్పానరెందుకు? ఈ ఎలుక చాలదూ!"

జీపారా తెర చూసింది. యూఎస్‌బీ వరుసలో ఒక్కటే మిగిలింది. కీబోర్డుకూ మౌస్‌కూ ఊపిరి దానిగుండానే. దాన్ని తీసేస్తే, తిరిగి పెట్టడానికి చెయ్యే ఉండదు.

ఆ పెట్టెలో అపా గొంతున్నది. ఆతా అంటే మామగారు, అపా అంటే అత్తగారు. మంచం పట్టిన చలికాలంలో ఆమెచేత జోలపాటలు పాడించి జీపారా పదిలపరిచింది. చివరిసారి మాత్రం అపా, "నువ్వు బయటికి పో తల్లీ, ఒక్క మాట నేనొక్కదాన్నే చెప్పుకోవాలి" అని కోడల్ని పంపేసింది. ఆ మాటను జీపారా ఇంతవరకు వినలేదు. వినే హక్కు తనది కాదనుకుంది. రేపు అపా సంవత్సరీకం. ఏడాదిగా ఆ గొంతు వినే ధైర్యం చాలని ముసలాయన, రేపు యుర్తాలో, ఆ ఉన్ని గుడారంలో, నలుగురి మధ్యనైతే తట్టుకుంటానన్నాడు; పెన్‌డ్రైవ్ అందుకే. పాటలకు గానీ, ఆ మాటకు గానీ మరో ప్రతి ఎక్కడా లేదు.

ఆగండి అనాలి. అంతే. కానీ ఆ మాట జీపారాకు లేదు.

మామగారికి ముందు పుట్టిన అన్నలంతా పురిట్లోనే పోయారట. వీడైనా ఆగాలి, ఈ నేల మీద నిలవాలి అని తల్లి ఆ కోరికనే పేరుగా పెట్టింది. వాళ్ల ఆచారంలో మామగారి పేరు కోడలు పలకదు. ఆ పేరులో దాగిన మాటనూ పలకదు. అందుకే జీపారా మినీబస్సులో "ఇక్కడ దిగుతా" అంటుంది. వాన వెలిసిందంటుంది. గడియారం నిద్రపోయిందంటుంది. ఆగడం అనేది లేకుండానే ఆ ఇంట్లో ఆమె రోజులు నడిచాయి.

"ఆతా… అదీ… ఆతా, కొంచెం…"

"పొయ్యమ్మా, పొయ్యి. పల్చగా పొయ్యి."

ఆ ఇంట్లో కోడలు మెల్లగా "ఆతా" అంటే టీ పొయ్యనా అనే అర్థం.

క్లిక్.

మౌస్ కడుపులో ఎర్రదీపం ఆరిపోయింది. బాణం గుర్తు తెర మధ్యన కొయ్యబారింది. కీబోర్డు మీద పచ్చచుక్క కూడా పోయింది.

"చచ్చిందా?" అన్నాడాయన, అప్పుడే తల వంచుకుని.

జీపారా మీట నొక్కి మళ్లీ వెలిగించింది. తెర సంకేతపదం అడిగింది. ఎన్ని అక్షరాలు నొక్కినా ఒక్కటీ పడలేదు.

"కన్ను కొడుతుందిగానీ మాట వినదేం? అచ్చం మీ అపాయే!"

నవ్వు రాలేదామెకు. కొట్టంలో పాత కీబోర్డు ఉన్నట్టు గుర్తొచ్చింది. దాని మూతి గుండ్రం; దాని రంధ్రం వేరు, దారి వేరు.

"నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి."

"కట్టేసిన పొట్టేలులా కూర్చుంటాలే, పో."

జీనుల కింద, ఉన్ని మూటల కింద వెతికి, దుమ్ముకొట్టుకున్న కీబోర్డును చంకన పెట్టుకుని వచ్చేసరికి లోపలి నుంచి నవ్వు వినిపించింది.

"బతికిందే! చూడు, విండోస్ డిస్క్ వేశాను. కీబోర్డు చెప్పినట్టు వింటోంది! శుభ్రంగా మొదట్నుంచీ ఎక్కిద్దాం."

డిస్క్ తన సొంత డ్రైవర్లు వెంట తెచ్చుకుంటుంది. అందుకే కీబోర్డు లేచింది. కానీ తెరమీద రష్యన్ అక్షరాలు: డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కొనసాగించాలా? ముసలాయన కళ్లజోడు నుదుటిమీదున్నది. వేలు ఎంటర్ మీదికి దిగుతున్నది.

"ఆతా!"

"ఉండు, టీ తర్వాత."

వేరే మాట వెతికే వ్యవధి లేదు. వేలు దిగుతూనే ఉన్నది.

"తొక్తో!"

కీబోర్డు ఆమె చంకలోంచి జారి నేలమీద పడింది. ఆగు అన్నది తానేనా? మామగారి పేరును సగానికి తుంచి, ఆయన ముఖాన విసిరినది తన నోరేనా? జీపారా రెండు చేతులా నోరు మూసుకున్నది. గాలిలో ఆయన వేలు కొయ్యలా నిలిచింది.

ముసలాయన కళ్లజోడు కళ్లమీదికి దించుకున్నాడు. తెరను ఒక్కొక్క మాటే చదివాడు. పెదవులు పాలిపోయాయి.

"నొక్కి ఉంటే?"

"అపా గొంతు ఉండేది కాదు."

ఆయన తన చేతిని ఒళ్లోకి లాక్కుని, మరో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు, అది మళ్లీ పోతుందేమోనన్నట్టు.

"మా అమ్మ పోయాక నన్నట్లా గద్దించిన వాళ్లు లేరు. ఈ పని ముందే చెయ్యొద్దూ, పిచ్చిపిల్లా! టీ పొయ్యనా అన్నట్టు నసుగుతావా?"

జీపారా డిస్క్ తీసి, పాత కీబోర్డు గుండ్రటి మూతి తగిలించి, మళ్లీ వెలిగించింది. అక్షరాలు పడ్డాయి. బాణం మీటలతోనే జాబితాలోకి దిగి, హార్డ్‌వేర్ మార్పులు వెతకమన్నది.

టుమ్… టుం.

స్వరం మెట్టెక్కింది. మళ్లీ ఎక్కింది. మౌస్ కడుపులో ఎర్రదీపం. పెన్‌డ్రైవ్ రెప్ప కొట్టింది. పాటలన్నీ అందులోకి దిగేదాకా ఇద్దరూ తెర ముందే కూర్చున్నారు.

"ఆ చివరిది పెట్టు," అన్నాడు ముసలాయన.

"రేపన్నారు కదా ఆతా?"

"రేపటిదాకా ఉంటుందని ఎవరన్నారు? ఇప్పుడే చూశాం కదమ్మా."

ఆమె లేచి వెళ్లబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

ముందు దగ్గు. తర్వాత దుప్పటి సవరించుకున్న చప్పుడు. పెళ్లయిన నాటి నుంచీ "ఓయ్", "ఇంటాయనా", "పిల్లల తండ్రీ" అని తప్ప భర్తను మరోలా పిలవని మనిషి, ఎవరూ లేరని తలుపువైపు చూసుకుని ఉంటుంది. నెమ్మదిగా, తొలిసారి రుచి చూస్తున్నట్టుగా, పలికింది:

"తొక్తోసున్."