థోరా కాచిన గోడ

ఎర్ర గాలి వీస్తోంది.

ఉత్తరాన ఉప్పుపొదల మైదానంలో లేచి, ఊళ్ళోని రేకుల కప్పులన్నీ ఒకసారి తడిమి, సముద్రంలోకి దిగిపోతోంది. గాలిలో దుమ్ము. దుమ్ములో సుత్తుల మోత… యుద్ధపు ఓడలు కట్టే చోటు నుంచి, పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా. మా ఊరు వయాలాలో పసిపిల్లలు ఆ మోతలోనే నిద్రపోతారు. మోత ఆగితే లేచి ఏడుస్తారు.

ఆ మోతలో కొంత థోరా పాస్కోది.

ఆమె సుత్తి కొట్టేది కాదు. సుత్తి దెబ్బను కాసేది.

ఓడ కడుపులో, ఇనుప పలక వెనక, చీకట్లో మోకాళ్ళ మీద కూర్చునేది. పైన కొలిమి దగ్గర డల్సీ. పలకలను కలిపి బిగించే రివెట్టును ఎర్రగా కాల్చి, పట్టకారుతో తీసి కిందికి విసిరేది. నిప్పు చుక్క ఒకటి గాలిలో ఎగిరి వచ్చేది. థోరా దాన్ని డబ్బాతో పట్టి, బెజ్జంలో దూర్చి, దాని తల మీద బరువైన ఇనుప దిమ్మె ఆనించి, ఒళ్ళంతా దాని మీద వేసేది.

అవతలి వైపు నుంచి పెద్దాయన ఆర్చీ మక్‌ఫైల్ కొట్టేవాడు. కొట్టి కొట్టి రివెట్టుకు రెండో తల చేసేవాడు.

చల్లారేలోగా అయిపోవాలి. చల్లారాక కొడితే అది రివెట్టు కాదు, ఉత్త మేకు.

రోజంతా పలకకు అటు ఆయన, ఇటు ఈమె. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. దిమ్మె కాస్త పక్కకు జరిగినా ఆయనకు తెలిసిపోతుంది. ఆయన భుజం అలిసినా ఈమెకు తెలిసిపోతుంది.

"కాపురం కూడా ఇలాగే ఉంటే ఎంత బాగుండునే!" అనేది డల్సీ, మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు. "మధ్యలో ఇనప్పలక. అవతల మొగుడు. మొహం చూసే పన్లేదు."

"నీ మొగుడు ఆ పలక్కి కూడా బెజ్జం పెడతాడులే," అనేది థోరా.

పెద్దాయన నవ్వేవాడు కాదు. నవ్వు ఆయన ఒంటికి పడదు. కానీ టీ తాగుతూ ఇటే చెవి వేసి ఉండేవాడు.

థోరా సుఖంగా ఉంది. ఈ మాట చెప్పడానికి సిగ్గెందుకు? యుద్ధమన్నాక ఏడవాలని రూలేమీ లేదు. చేతికి పని ఉంది. పని చేసే చెయ్యి ఉంది. సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే భుజాలు హాయిగా నొప్పెట్టేవి.

క్లెమ్ ఒక్కడే ఇంట్లో లేడు.

క్లెమ్ ఆమె భర్త. నేవీలో బాయిలర్ల దగ్గర పని. పెదవి దాటి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. పెళ్ళినాడు పాదిరిగారు అడిగిన ప్రశ్నకు కూడా తల ఊపి ఊరుకోబోయాడని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ చలికాలం సెలవు మీద వచ్చాడు. గొర్రెమాంసం పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. గిన్నె అడుగు రొట్టెతో తుడిచాడు. అప్పుడు అడిగాడు.

"ఇప్పుడెక్కడ కూర్చుంటున్నావు?"

"రెండు బాయిలర్ గదుల మధ్య గోడ. వెనక గదిలోంచి."

"మొత్తం నువ్వేనా?"

"కింద నుంచి పైదాకా. ఏం?"

"ఏం లేదు. ఇంకో ముక్క ఉందా?"

అంతే. ఇంకో ముక్క తిని పడుకున్నాడు. థోరా గిన్నెలు కడుగుతూ తనలో తానే నవ్వుకుంది… ఈ మనిషి నాలుగు మాటలు వరసగా మాట్లాడాడు, రేపు వాన పడుతుంది కాబోలు అని.

వాన పడలేదు. వయాలాలో వాన అంత తేలిగ్గా పడదు. తాగే నీళ్ళు కూడా మాకు ఓడ మీదే వస్తాయి.

ఓడలు కట్టే చోట ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి లేదు. పెద్దాయన దాన్ని స్కాట్లండ్ నుంచి, తన సుత్తితో పాటు తెచ్చుకున్నాడు.

ఏ ఓడలో నీ మనిషి ఎక్కుతాడో, ఆ ఓడ మీద నీ చెయ్యి పడకూడదు.

"ఎందుకట?" అని డల్సీ ఒకసారి అడిగింది.

"అవతలున్నది ఇనుమనుకుంటే చెయ్యి తిన్నగా ఉంటుంది. మొగుడనుకుంటే వణుకుతుంది," అన్నాడు పెద్దాయన. "వణికిన చేతి కింద రివెట్టు చల్లారిపోద్ది. నేను చూశాను. ఎక్కడ చూశానని అడగమాకండి."

అడగలేదు. ఒకసారి, తాను పని చేస్తున్న ఓడకే తమ్ముడు పోతున్నాడని తెలియగానే ఒక అమ్మాయిని పక్క ఓడకు మార్చేశారు. ఆమె ఏడ్చింది. పెద్దాయన వినలేదు.

గోడ పూర్తయింది.

నీళ్ళ పరీక్ష పెట్టారు. ముందు గదిలోంచి సముద్రపు నీళ్ళు గొట్టంతో గోడ మీద కొడతారు. వెనక గదిలోంచి ఎక్కడైనా చెమ్మ వస్తుందేమో చూస్తారు. తనిఖీ చేసే ఆయన దీపం పట్టుకుని, వేలితో వరస వరసా రాసి చూశాడు.

థోరా వేలితో చూడలేదు. చెంప ఆనించింది.

గోడ అవతల నీళ్ళు హోరుమంటున్నాయి. వెయ్యి పిడికిళ్ళతో బాదుతున్నాయి. గోడ ఇవతల ఆమె చెంప.

పొడిగా ఉంది.

చల్లగా, గట్టిగా, పొడిగా… కళ్ళు మూసుకుంది. ఇంతకంటే ఆనందం ఉంటుందా అనుకుంది. ఉంటుందేమో. ఆమెకైతే తెలియదు.

"గోడకి ముద్దులు కూడా పెడుతున్నావేంటే!" అని పైనుంచి అరిచింది డల్సీ.

ఓడను నీళ్ళలోకి తోసిన రోజు ఊరంతా వచ్చింది. ఓడ జారడానికి కింది దుంగలకు కొవ్వు పూశారు. ఆ వాసనకు ఊళ్ళోని కుక్కలు కూడా వచ్చాయి. ఎవరో పెద్దింటి ఆవిడ టోపీ పట్టుకుని, మద్యం సీసాను ఓడ ముక్కుకేసి పగలగొట్టి, ఓడ పేరు పలికింది.

వారాబిన్.

ఎక్కడో దేశం లోపల, గోధుమలు పండే చిన్న ఊరి పేరట. ఆ ఊళ్ళో చాలామంది సముద్రమే చూడలేదట. ఊరి పేరు మాత్రం సముద్రంలోకి జారింది. దుంగలు పొగలు కక్కాయి. గొలుసులు ఘల్లుమన్నాయి. ఓడ వెనక్కి వెనక్కి వెళ్ళి, నీటిని తాకి, ఒక్కసారి వంగి లేచింది.

మగవాళ్ళు ఓడను ఆవిడ అంటారు. థోరా అప్పటిదాకా దాన్ని అది అనేది. ఆ రోజు వంగి లేచాక ఆమె కూడా ఆవిడ అంది.

ఆ సాయంత్రం క్లెమ్ చెప్పాడు. అతను అంతకు రెండు రోజుల ముందే మళ్ళీ వచ్చి ఉన్నాడు. ఓడను చూడటానికి వచ్చాడనుకుంది.

"నాకు ఓడ దొరికింది."

"ఏ ఓడ?"

అతను సముద్రం వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

థోరా చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టింది. కొంత ఒలికింది.

"అదా?"

"వెనక బాయిలర్ గది."

ఆమెకు ఒళ్ళు మండింది. భయం వేసింది. ఏది ముందో తెలియలేదు. మర్నాడు పెద్దాయన దగ్గరికి పరుగెత్తింది.

"ఆ గోడ వెనకే నిలబడతాడట పెద్దాయనా. నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు."

పెద్దాయన సుత్తి దించాడు. గడ్డం గోక్కున్నాడు.

"తెలిస్తే ఏం చేసేదానివి?"

"ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని."

"ఇంకా గట్టిగా పట్టుకోడం అంటూ ఏదీ లేదమ్మాయ్. ఉన్నదంతా పెట్టావు. ఇక పో. పని చూసుకో."

పని చూసుకుంది.

వారాబిన్ వెళ్ళిపోయింది. ఉత్తరానికి, వేడి సముద్రాలకి. సరుకుల ఓడల పక్కన కాపలా నడిచింది. చిన్న దీవుల నుంచి సైనికులను ఎక్కించుకుంది, వేరే దీవుల్లో దింపింది. గొప్ప పనులేమీ కావు. ఇల్లాలి పనులు… చేసినన్నాళ్ళూ కనపడవు, మానేస్తే తెలుస్తుంది.

క్లెమ్ ఉత్తరాలు రాసేవాడు, అతని మాటల్లాగే. వేడిగా ఉంది. బాగున్నాను. బీన్సు మళ్ళీ పెట్టారు. ఒక ఉత్తరంలో మాత్రం చివర్న ఇంకో వాక్యం ఉంది: పని లేనప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చుంటాను.

థోరా ఆ వాక్యం చదివి, పొయ్యి దగ్గర నిలబడి, కూర మాడేదాకా కదల్లేదు. ఆ మాడిన కూరే తిన్నది. రుచిగానే ఉందంది.

తరువాత ఉత్తరాలు ఆగిపోయాయి.

పేపర్లో ఏమీ లేదు. రేడియోలో ఏమీ లేదు. ఉలుకూ పలుకూ లేదు. కానీ మా ఊరు ఓడల ఊరు. ఏ ఓడ ఎక్కడ పోయిందో గాలే చెబుతుంది. దుకాణంలో థోరా అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. అడక్కుండానే పిండి కాస్త ఎక్కువ తూచేవారు. అలా తూచిన రోజునే ఆమెకు అర్థమైంది.

వారాబిన్ పోయింది.

మనుషుల సంగతి ఎవరికీ తెలియదు.

"ఇంటికి పోవే," అంది డల్సీ. "నాలుగు రోజులు పడుకో."

"పడుకుని ఏం చెయ్యను? వెయ్యి, రివెట్టు వెయ్యి."

గాలి వీచింది. నిప్పు చుక్కలు ఎగిరి వచ్చాయి. ఆమె పట్టింది, దూర్చింది, ఒళ్ళంతా వేసి కాసింది. ఏడవలేదు. ఒక్క ప్రశ్న మాత్రం పళ్ళ మధ్య పట్టుకుని తిరిగింది.

గోడ నిలిచిందా?

క్లెమ్ ఉన్నాడా అని అడగటానికి ధైర్యం చాలకే గోడ గురించి అడుగుతోందని పెద్దాయనకు తెలుసు. నాకూ తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆమెకు ఆ రెండూ ఒకటే ప్రశ్న.

అతను ఒక మధ్యాహ్నం పక్క పట్నం పోర్ట్ ఆగస్టా నుంచి వచ్చే లారీ వెనక కూర్చుని దిగాడు. తన కొలతవి కాని బట్టలు. ఒక చెవి దగ్గర కాలిన మచ్చ. నెత్తి నుంచి కాలి దాకా మా ఊరి ఎర్ర దుమ్ము.

కబురు విని, పని వదిలి పరుగెత్తుకొచ్చిన థోరా గుమ్మంలో నిలబడింది.

"ఆకలేస్తోంది," అన్నాడు క్లెమ్.

ఆమె వారానికి సరిపడా నీళ్ళన్నీ తొట్టిలో పోసేసింది. అన్నీ! పక్కింటావిడ చూసి నోరు నొక్కుకుంది. అతను ఆ నీళ్ళలో చాలాసేపు కూర్చున్నాడు. తరువాత పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. గిన్నె అడుగు తుడిచాడు. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది.

"అడుగు," అన్నాడు.

"ఎలా వెళ్ళింది ఆవిడ?"

అప్పుడు క్లెమ్ మాట్లాడాడు. పుట్టి బుద్ధెరిగాక అన్ని మాటలు అతను మాట్లాడలేదు.

"విమానాలొచ్చాయి. బాంబు ముందు గదిలో పడింది. స్టాన్, చిన్న రోరీ అందులో ఉన్నారు. వాళ్ళు రాలేదు…" గిన్నె పక్కకు జరిపాడు. "ముందు గది నిండిపోయింది. గోడవతల అంతా సముద్రమే. గోడ మూలిగింది థోరా. ఉబ్బింది. మా వాళ్ళు నిచ్చెన ఎక్కుతున్నారు. నేను బాయిలర్ ఆర్పాలి, ఆర్పకపోతే పేలుద్ది. ఆర్పి, వెళ్తూ చెయ్యి పెట్టి చూశాను."

ఆమె బల్ల మీదికి వంగింది.

"పొడిగా ఉంది."

బయట రేకు కప్పు మీద గాలి తడిమి పోయింది.

"మేమందరం పైకొచ్చాం. పడవలు దింపుకున్నాం. గాయపడినవాళ్ళని కూడా దింపుకున్నాం. ఆవిడ తొందరపడలేదు. అందరం దూరంగా జరిగేదాకా ఆగింది. అప్పుడు వెళ్ళింది… ముక్కు ముందు పెట్టి, నెమ్మదిగా."

థోరా ఏడ్చింది.

ఇన్నాళ్ళకు. బల్ల మీద తల పెట్టి, భుజాలు ఎగరేసి ఏడ్చింది. క్లెమ్ బతికాడని కాదు. స్టాన్ కోసం, రోరీ కోసం, ఆ ఓడ కోసం. చీకట్లో ఉబ్బి, మూలిగి, అయినా చెమ్మ రానివ్వని ఆవిడ కోసం. అతను ఏం చెయ్యాలో తెలియక ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. ఆమెకు హాయిగా ఉంది.

"ఇంకోటి చెప్పాలి," అన్నాడు. "తిట్టకు."

"ఏంటి?"

"నాకు ముందే తెలుసు. ఆ చలికాలం సెలవుకి వచ్చానే, అప్పటికే తెలుసు. మన ఊళ్ళో కడుతున్న ఓడకే వెయ్యమని నేనే అడిగాను."

ఆమె తల ఎత్తింది. ముఖమంతా తడి, ముక్కు ఎర్రగా.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను పక్క ఓడకి మార్చేస్తారు. ఇంకెవరో కూర్చుంటారు ఆ గోడ దగ్గర."

"పెద్దాయనకి తెలిస్తే చంపేస్తాడు నిన్ను!"

"చంపనీ. జపానువాళ్ళ వల్లే కాలేదు."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. మూతి తుడుచుకుంది. అతని చెవి పక్కన మచ్చను వేలితో తాకి చూసింది. తిడదామనుకుంది. తిట్టు దొరకలేదు.

ఎర్ర గాలి లేచింది. దాని వెంట రేవు నుంచి మోత. ఆమె లేని చోట వేరెవరో దిమ్మె కాస్తున్నారు. ఇద్దరూ కాసేపు విన్నారు.

"ఆ ఓడేనా, ఇప్పుడు నువ్వు కాస్తున్నది?" అన్నాడు క్లెమ్.

"అదే. రేపటి నుంచి మళ్ళీ బాయిలర్ గది గోడ."

"పేరేంటి?"

"ఇంకా పెట్టలేదు."

అతను ఖాళీ గిన్నెలోకి చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"థోరా, ఈసారి నన్ను వేసిన ఓడ…"

ఆమె చటుక్కున చెయ్యి చాపి అతని నోటి మీద పెట్టింది. వేళ్ళు కాలిన మచ్చలతో గరుకుగా ఉన్నాయి. ఏమాత్రం వణకడం లేదు.

"గోడ అయ్యేదాకా చెప్పకు," అంది.

గాలి వీస్తూనే ఉంది.