ఏడో నంబరు బండి సీటు

పద్నాలుగో మేకు కూడా నోట్లోకి వెళ్లాక మేస్త్రి మాట్లాడటం మానేశాడు. ఉదయం ఏడు దాటి పది నిమిషాలైంది. ఇక మధ్యాహ్నం భోజనం గంట కొట్టేదాకా ఆయన నోరు ఆయనది కాదు, మేకులది. నాలుక కొసతో ఒక్కో మేకునూ తిప్పి, దాని తలను పెదాల దగ్గరికి తెచ్చి నిలబెడతాడు. సుత్తికి ఒకవైపు అయస్కాంతం ఉంటుంది. అది వచ్చి, ముద్దు పెట్టుకున్నట్టుగా మేకును అందుకుని పోతుంది. మొదటి దెబ్బకు మేకు చెక్కలో నిలబడుతుంది. సుత్తి అటు తిరుగుతుంది. రెండో దెబ్బకు తలదాకా దిగిపోతుంది. ఈలోగా ఎడమ అరచెయ్యి రెగ్జిన్‌ను ముడత లేకుండా లాగి పట్టుకుంటుంది, నిద్రపోయే పిల్లాడి మీద దుప్పటి సర్దుతున్నంత జాగ్రత్తగా.

బస్సు డిపో వెనక, పాత టైర్ల గుట్టకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య ఉన్న రేకుల షెడ్డు ఆయన రాజ్యం. చిన్నప్పుడు బడిలో సీటు దొరకలేదు గానీ, ముప్ఫై తొమ్మిదేళ్లుగా బండి సీట్లకు కొదవ లేదు. పెద్ద పెద్దవాళ్లంతా సీటు కోసం కొట్టుకుంటుంటే ఆయన సీటునే కొట్టుకుంటూ కూర్చున్నాడు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు దిగువ. బొటనవేలి గోరు సుత్తి దెబ్బలకు నల్లబడి రెండుగా చీలింది. ఏళ్ల తరబడి మేకులు ఆనీ ఆనీ కింది పెదవి మధ్యలో చిన్న నొక్కు పడింది. కళ్లద్దాలకు ఒక కాడ లేదు. దాని బదులు సన్నటి రెగ్జిన్ పట్టీ చెవి చుట్టూ తిరిగి ఉంటుంది.

నోరు విప్పలేని మనిషి కాబట్టి డిపోలో అందరూ ఆయన దగ్గరే నోరు విప్పుతారు. కండక్టర్లు వచ్చి భార్యల అలకలూ, కొడుకుల చదువులూ, పాస్టరుగారితో చెప్పుకోలేనివీ చెప్పుకుంటారు. మధ్యలో అడ్డు తగలడు, సలహా ఇవ్వడు, బయట పొక్కనివ్వడు. “ఊఁ” అంటాడు. ఆ ఊఁలు మూడు రకాలు. ఒకటి “విన్నాను”, రెండోది “పాపం”, మూడోది “ఇక వెళ్లి పని చూసుకో”.

పక్క బల్ల దగ్గర బ్లేడు నిలబడి ఉన్నాడు. బ్లేడంటే మనిషే. పంతొమ్మిదేళ్లవాడు. సన్నటి మెడ, ఎవరో తరుముతున్నట్టు పక్కకు పక్కకు చూసే కళ్లు. పేరు బ్లేడే గానీ, ఎవరికీ బ్లేడు వేసే రకం కాదు. అడిగితేనే అర ముక్క మాట్లాడతాడు.

వాడు ఇక్కడికి వచ్చిన దారి ఇదీ. కిందటేడు ఒక దారిలో తిరిగే బస్సుల్లో రోజుకు మూడు నాలుగు సీట్లు కోసుకుపోయి వచ్చేవి. డ్రైవర్లు తిట్టారు, ఫోర్‌మన్ తిట్టాడు. మేస్త్రి మాత్రం ఆ కోతను వేలితో తడిమి చూసి చాలాసేపు కూర్చున్నాడు. మూరెడు పొడవున ఒకే గీత. పైన రెగ్జిన్ మాత్రమే తెగింది, కింద స్పాంజి మీద గాటు పడలేదు. వంకర లేదు, తడబాటు లేదు. కదిలే బస్సులో, ఎవరూ చూడకుండా! ఆయన శిష్యులమని చెప్పుకుని కోతలు కోసేవాళ్లు చాలామంది వచ్చి వెళ్లారు గానీ, ఇలా కోసినవాడు ఒక్కడూ లేడు.

బ్లేడు పట్టుబడ్డాడు. జైలుకు పంపే బదులు ఏడాదిపాటు ఒక పెద్దమనిషి అజమాయిషీలో ఉంచమని కోర్టు చెప్పింది. చర్చిలో అలాంటివాళ్ల కోసం ఒక ఏర్పాటు ఉంది. కుర్రాడికొక తోడు, ఏడాది గడువు. తోడుగా ఉండేవాళ్లలో ఒక హెడ్మాస్టరు, ఒక నర్సు, అనర్గళంగా ప్రార్థన చేసే ఒక పెద్దాయన ఉన్నారు. పాస్టరుగారు బ్లేడు సంగతి చదివి వినిపించి, “ఎవరు తీసుకుంటారు?” అని అడిగితే ఆ ముగ్గురూ పాటల పుస్తకంలో ఏదో వెతకసాగారు. చివరి బెంచీలోంచి మేస్త్రి చెయ్యెత్తాడు.

“ఆ కోసినవాణ్ణి నాకివ్వండి,” అన్నాడు.

ఆ చర్చిలో ఆయన ఆమెన్ కాకుండా వేరే మాట పలకడం అదే మొదలు.

ప్రతి నెలా పాస్టరుగారు ఒక కాగితం ఇస్తారు. “ఈ నెల ఏ వాక్యం ధ్యానించారు?” అన్న ప్రశ్నకు మేస్త్రి “అంచు మడిచి కుట్టడం” అని రాస్తాడు. “కుర్రాడిలో మార్పు?” అంటే “దారం తెగడం తగ్గింది”. పాస్టరుగారు మొదట నవ్వేవారు. తర్వాత్తర్వాత నవ్వకుండా ఫైల్లో పెట్టుకుంటున్నారు.

నాలుగో నెలలో ఒకరోజు భోజనాల దగ్గర బ్లేడే అడిగాడు.

“మేస్త్రీ, మీరు నాకు దేవుడి గురించి చెప్పాలంట కదా. ఎప్పుడు చెప్తారు?”

మేస్త్రి రొట్టె ముక్క నమిలి మింగాడు. “ఆయనదీ మన లైనే రా. చెక్కపని. ముప్ఫై ఏళ్లు పని చేసి మూడేళ్లే మాట్లాడాడు. నేనింకా పనిలోనే ఉన్నా.”

బ్లేడు నవ్వబోయి ఆగిపోయాడు. అందులో నవ్వాల్సింది ఎంతో, నవ్వకూడనిది ఎంతో వాడికి అర్థం కాలేదు.

ఈ ఆదివారంతో ఆ ఏడాది పూర్తవుతుంది. అందుకే ఉదయం తొమ్మిదింటికి ఫోర్‌మన్ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“మేస్త్రీ, మూడింటికి వస్తా. డ్రైవరు సీటు వాడొక్కడే చెయ్యాలి. నీ చెయ్యి పడితే నాకు తెలిసిపోతుంది.”

“ఊఁ.”

“బాగుంటే హెల్పరుగా రాసుకుంటా. లేకపోతే వాడి దారి వాడిది. బస్సుల్ని కోసినవాణ్ణి బస్సుల్లో పెట్టుకుంటావా అని పైవాళ్లు నన్ను దూదిలా ఏకుతున్నారయ్యా!”

మేస్త్రి ఒళ్లో నిజంగానే దూది ఉంది. ఆయన ఏకుతున్నాడు. ఫోర్‌మన్ దాన్ని చూసి, తనను తానే చూసుకున్నట్టు మొహం పెట్టి వెళ్లిపోయాడు.

బ్లేడు అట్ట నమూనాలు తీసుకుని రెగ్జిన్ పరిచాడు. షెడ్డులో మిగిలింది ఆ ఒక్క ముక్కే. కొత్త చుట్ట వచ్చేది వచ్చే వారం. కత్తి అందుకున్నాక వాడి కళ్లు పక్కకు చూడటం మానేశాయి. సర్రున ఒక్క ఊపులో కోశాడు. మేస్త్రి తల తిప్పలేదు. కోత చప్పుడు చెవితోనే విన్నాడు, మంచి పాట విన్నట్టు.

పన్నెండింటికి బ్లేడు ముక్కల్ని చట్రం మీద పెట్టి చూసుకున్నాడు. అవి కుదరలేదు. రెగ్జిన్‌కు ఒకవైపు మెరుపు, ఒకవైపు గుడ్డ. గుర్తులు గుడ్డవైపు పెడతారు కాబట్టి అట్టను బోర్లించాలి. వాడు వెల్లకిలా పెట్టాడు. అద్దంలో బొమ్మలా అంతా తిరగబడింది. సీటును ముందుకూ వెనక్కూ జరిపే లివరు కోసం ఎడమపక్క ఉండాల్సిన కన్నం కుడిపక్కకు వచ్చింది. ఈ ఏడాదిలో వందసార్లు బోర్లించినవాడు ఇవాళ, ఈ ఒక్కసారి, మరిచాడు.

కత్తి బల్ల మీద పడేసి బయటికి నడిచాడు.

గేటు దగ్గర మోటారుసైకిలు మీద గొలుసు ఉన్నాడు. బ్లేడు పాత స్నేహితుడు. మెళ్లో లావుపాటి గొలుసు ఉంటుంది. అది ఎవరి మెళ్లోంచి వచ్చిందో ఎవరూ అడగరు. ఈ వారమంతా రోజూ ఇదే వేళకు వస్తున్నాడు.

“ఏరా దర్జీ, సూదీ దారం ఇంట్లో పెట్టొచ్చావా?”

“నోర్ముయ్.”

“ముయ్యడానికి నా నోట్లో మేకుల్లేవురా. ఎక్కు. సాయంత్రం ఒక పనుంది, నీ చెయ్యి కావాలి.” గొలుసు షెడ్డు వైపు చూశాడు. “అరె, మీ పెద్దాయన వస్తున్నాడు. ప్రార్థన చేస్తాడేమో, హెల్మెట్ తీసెయ్యనా?”

మేస్త్రి వస్తున్నాడు. టైర్ల గుట్ట దగ్గర ఒకసారి, పంపు దగ్గర ఒకసారి ఆగి, ఎడమ భుజం పిసుక్కుని మళ్లీ నడిచాడు. వచ్చి, నోటి కింద అరచెయ్యి పట్టి, ఒక్కో మేకూ ఉమ్మాడు. మొత్తం తొమ్మిది. పని మధ్యలో ఆయన నోరు ఖాళీ చెయ్యడం బ్లేడు ఎప్పుడూ చూడలేదు. గొలుసు కూడా ఎందుకో బండి ఇంజన్ ఆపేశాడు.

“కోత చూశాను,” అన్నాడు మేస్త్రి.

“చూసి ఏం లాభం? బోర్లించలేదు. పోయింది. ఆఖరి ముక్క అది.”

“నేనైనా అంత బాగా కొయ్యలేను.”

“ఎగతాళి చెయ్యకండి మేస్త్రీ.”

“ఏడో నంబరు బండికి లివరు ఎటుందిరా?”

ఏడో నంబరు డిపోలో అన్నిటికంటే పాత బండి. దానివన్నీ తిరగబడి ఉంటాయని డ్రైవర్లు నవ్వుతుంటారు. “కుడిపక్క,” అన్నాడు బ్లేడు.

“మరి? నువ్వు తప్పు కొయ్యలేదు. వేరే బండికి కోశావు. దాని సీటు ఎలుకలు కొట్టేసి ఏడాదైంది. పద, విప్పుకొద్దాం.” తర్వాత గొలుసు వైపు తిరిగాడు. “నువ్వూ రా బాబూ. బోల్టులు తుప్పు పట్టాయి, ఇంకో చెయ్యుంటే మేలు.”

గొలుసును ఈ మధ్యకాలంలో ఎవరూ “బాబూ” అని ఉండరు, పనికి పిలిచి అసలే ఉండరు. బండి స్టార్ట్ చేశాడు గానీ వెంటనే కదల్లేదు. వాళ్లిద్దరూ టైర్ల గుట్ట దాటేదాకా చూసి, అప్పుడు వెళ్లిపోయాడు.

“సీటు మీద మీ చెయ్యి పడకూడదన్నాడు కదా ఫోర్‌మన్,” అన్నాడు బ్లేడు ఏడో నంబరు బండి ఎక్కుతూ.

“బోల్టు సీటు కాదు కదరా,” అన్నాడు మేస్త్రి, స్పానరు పట్టుకుని డ్రైవరు సీటు కింద వెల్లకిలా పడుకుంటూ.

అలా పడుకుంటే ఆయనకు సీటు అడుగు కనిపించింది. ఆయనకు బాగా తెలిసిన చోటు అది. పదకొండేళ్ల వయసులో ఇంట్లోంచి వచ్చేసి, ఇదే డిపోలో, పాడైన బస్సుల్లో వెనక సీటు మీద పడుకునేవాడు. అప్పటి ముసలి మేస్త్రి ఆ పిల్లాణ్ణి తరమలేదు, లేపలేదు. బస్సులో మిగతా సీట్లన్నీ ముందు బాగుచేసి, పిల్లాడు పడుకున్న సీటును ఆఖరుకు ఉంచేవాడు. లేచేదాకా పక్కన కూర్చునేవాడు. ఒకరోజు ఆ పిల్లాడు లేచి, సుత్తి అందించాడు. దేవుడు ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే మేస్త్రికి చెప్పడానికి ఉన్నది ఆ ఒక్కటే. ఎవరూ అడగలేదు.

మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది మొండికేసింది. దానికి ఇరవై నిమిషాలు పట్టింది. లేచేసరికి ఆయన మొహం తడి సున్నంలా ఉంది.

“కూర్చోండి మేస్త్రీ, నేను చూసుకుంటా,” అన్నాడు బ్లేడు.

షెడ్డులో చెక్కపెట్టె మీద కూర్చుని ఆయన చూశాడు. బ్లేడు పాత తొడుగు ఊడబీకాడు. ఎలుకలు కొరికిన స్పాంజి తీసేసి కొత్తది దించాడు. మిషను మీద అంచులు మడిచి కుట్టాడు. తొడిగాడు. లివరు కన్నం లివరు మీదికి గుండీ పెట్టినంత తేలిగ్గా వచ్చి కూర్చుంది. మేకులు కొట్టాలి. ఇన్నాళ్లూ డబ్బాలోంచి ఒక్కోటీ ఏరుకునేవాడు. గోడ మీద గడియారం రెండూ పది చూపిస్తోంది. బ్లేడు డబ్బా ఎత్తి గుప్పెడు మేకులు నోట్లో పోసుకున్నాడు. ఇనుప రుచికి మొహం చిట్లించాడు. నాలుక తడబడింది, ఒక మేకు జారి కింద పడింది. రెండోది నిలబడింది. సుత్తి వచ్చి అందుకుంది.

మేస్త్రి కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని చూశాడు. ముప్ఫై తొమ్మిదేళ్లలో నోట్లోంచి మేకు అందుకుని కొట్టడం ఆయన బయటినుంచి చూడటం ఇదే మొదలు. ఇంత అందమైన పనా తను చేసింది అని ఆశ్చర్యపోయాడు.

మూడుకు పావుగంట ఉండగా అయిపోయింది. మేస్త్రి ప్యాంటు దులుపుకుని వచ్చి సీటు మీద కూర్చున్నాడు. షెడ్డులో తయారైన ఏ సీటైనా ముందు ఆయన కూర్చోవాల్సిందే. కళ్లు మూసుకునే కూర్చుంటాడు. తెరిచి చూస్తే కుట్టు కనిపిస్తుంది, మూసుకుంటేనే సీటు తెలుస్తుంది అంటాడు. నడుం ఆనించాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టాడు.

బ్లేడు నోట్లో ఇంకా నాలుగు మేకులున్నాయి. తీర్పు కోసం చూస్తూ నిలబడ్డాడు.

“ఊఁ,” అన్నాడు మేస్త్రి. ఆ మూడు రకాల్లో ఏదీ కాదది. అంత పొడవైన, అంత సుఖమైన ఊఁ బ్లేడు ఎన్నడూ వినలేదు.

మూడింటికి ఫోర్‌మన్ వచ్చాడు.

“ఏం మేస్త్రీ, పరీక్ష పెట్టేది నేనైతే ముందు నువ్వెక్కి కూర్చున్నావే! లే, నన్ను కూర్చోనీ. ఏమయ్యా, నిన్నే.” దగ్గరికి వెళ్లాడు. “డ్యూటీలో నిద్రపోతున్నాడేమిట్రా ఈయన...”

బ్లేడు చెయ్యి చాపి, మోకాలి మీద ఉన్న ఆ చేతిని పట్టుకున్నాడు. నోట్లో మేకులుండటంతో ఏడుపు కూడా బయటికి రాలేదు. “ఊఁ” అని మాత్రం వచ్చింది. ఫోర్‌మన్ టోపీ తీశాడు.

నాలుగింటికి మేస్త్రి భార్య వచ్చింది, వెనకే పాస్టరుగారు. ఆవిడ ఆయన చెవికున్న రెగ్జిన్ పట్టీ మెల్లగా తప్పించి కళ్లద్దాలు తీసుకుంది. తర్వాత బ్లేడును దగ్గరికి లాక్కుంది.

“కిందటేడే పని మానెయ్యమన్నాడయ్యా డాక్టరు. గుండె ఆరు నెలలకి మించి కొట్టుకోదన్నాడు. వాడి ఏడాది పూర్తవనీవే, ఈ ఒక్కటీ లాగేస్తా అన్నాడు ఈయన. లాగాడు.”

గంటసేపు ఆగకుండా ప్రసంగించగల పాస్టరుగారు ప్రార్థన కోసం నోరు తెరిచారు. మాట రాలేదు. అందరూ తలలు వంచుకుని ఆ నిశ్శబ్దంలోనే నిలబడ్డారు. చివర్లో చివరి బెంచీవాడిలా ఆయనే ఆమెన్ అన్నారు.

నలుగురు కండక్టర్లు మేస్త్రిని ఎత్తి తీసుకెళ్లారు. ఫోర్‌మన్ మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి సీటు అడుగున మేకుల వరసను చూశాడు. మొదటి నాలుగూ కొంచెం ఎడంగా, తర్వాతవి జపమాల పూసల్లా సమంగా ఉన్నాయి.

“ఇందులో ఎక్కడైనా ఆయన చెయ్యి పడిందా?”

బ్లేడు తల అడ్డంగా ఊపాడు.

ఫోర్‌మన్ లేచి జేబులోంచి పుస్తకం తీశాడు. “రేపు ఏడింటికి రా. నీ అసలు పేరు చెప్పు, రాసుకోవాలి.”

వాడు చెప్పాడు. ఫోర్‌మన్ ఆ పేరును ఒకసారి పైకి పలికి చూసుకుని, రాసుకుని, చెయ్యి వాడి భుజం మీద కాసేపు ఉంచి వెళ్లాడు. సాయంత్రపు ఎండ రేకుల కింది నుంచి షెడ్డులోకి వచ్చి పడింది. కొత్త సీటు మధ్యలో ఆయన కూర్చున్నంత మేర ఒక గుంట ఉంది. తొందరేమీ లేనట్టుగా, అంచుల నుంచి మొదలుపెట్టి, అది మెల్లగా పైకి లేస్తోంది.