వెనక వరసలో కోడలు

పొద్దున్నే పొయ్యి మీద పాలగిన్నె పెట్టేలోపే ఆ ఇంట్లో వంటగది ముందు వరస కట్టేవారు. ముందు అత్తగారు, మోకాళ్ళ నొప్పితో. ఆ వెనక భర్త, అచ్చుయంత్రం దగ్గర రోజంతా నిలబడి పట్టేసిన నడుముతో. చివర మరిది, మౌసు తిప్పీ తిప్పీ వాచిన మణికట్టుతో. కోడలు తడిచెయ్యి తుడుచుకుని ఒక్కొక్కరి నొప్పి మీదా అరచెయ్యి ఆనించేది. చేతికింద లేత వెలుగొకటి వచ్చి పోయేది. నొప్పి దిగిపోయేది. పాలు పొంగేసరికి పని పూర్తి.

ఆ విద్య ఆమెకి ఆటలోంచి వచ్చింది. పెళ్ళైన కొత్తలో అన్నదమ్ములు కంప్యూటర్లో ఆడే ఆటలోకి ఆమెనీ చేర్చుకున్నారు. అందులో అడుగు పెట్టగానే ఎవరి క్లాసు, అంటే ఎవరి పాత్ర, వాళ్ళు ఎంచుకోవాలి. యోధుడు, విలుకాడు, మంత్రగాడు, రౌతు, వైద్యుడు. ఆమె వేలు గుర్రపు రౌతు బొమ్మ మీదకి వెళ్ళేలోపే మరిది, "మన జట్టులో వైద్యం చేసేవాళ్ళు లేరు వదినా" అంటూ తనే నొక్కేశాడు. ఒకసారి నొక్కితే అంతే, మార్చడానికి లేదు. ఇక రోజూ ఆటలోని వైద్యబడిలో కూర్చుని మూలికలు నూరింది, మంత్రాలు వల్లె వేసింది. యుద్ధమైతే వెనక వరసలో నిలబడి అందరి గాయాలూ మాన్పడమే పని.

అక్కడ నేర్చింది ఇంట్లోనూ చేతికి రావడం ఎవరికీ వింతనిపించలేదు. మరిది విలుకాడు కాబట్టి, విడిచిన మేజోళ్ళు ఎక్కణ్ణించి విసిరినా బుట్టలోనే పడేవి. భర్త మంత్రగాడు కాబట్టి పొయ్యికి అగ్గిపెట్టె ఖర్చు లేదు. కోడలిది మాత్రం దేవుడిచ్చిన హస్తవాసి అని ఇరుగుపొరుగు కూడా పిల్లల పంటి నొప్పులతో వచ్చేవారు.

చిక్కల్లా ఆ హాయి ఒక్క పూటే నిలిచేది. మధ్యాహ్నానికి మళ్ళీ మోకాళ్ళు, సాయంత్రానికి మళ్ళీ నడుము. ఆమె గడప దాటితే చాలు, ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు.

పెళ్ళికి ముందు ఆమె తన తండ్రిగారి సరుకుల వ్యాను తోలేది. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీవాళ్ళు తమ బస్సు నడపడానికి రమ్మన్నారు. సోమవారం పొద్దున్న రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. ఇంట్లో ఒక్కరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడొచ్చు. అనకపోవడమే ఆమెకి ఊపిరాడనివ్వలేదు.

"వెళ్ళొద్దని నేనన్నానా? సాయంత్రం దాకా మా సంగతేంటని అడుగుతున్నానంతే," అన్నాడు భర్త నడుము పట్టుకుని.

ఆటలో తన బొమ్మని చెరిపెయ్యమని మరిదిని అడిగింది. చెరిపినా చేతికొచ్చిన విద్య పోదన్నాడు అతను, ఓదారుస్తున్నట్టే. చివరికి ఆటలోని స్వారీ బడికి వెళ్ళి, గుర్రమెక్కడం నేర్పమని వేడుకుంది. ఎన్నిసార్లు అడిగినా అక్కడి గురువుది ఒకటే జవాబు: ఇది నీ క్లాసు విద్య కాదు. ఆమె అరచేతుల్ని బల్లకింద దాచుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది.

అత్తగారు చూసింది. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ ఆటలో ఉండగా గోడ పట్టుకుంటూ వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. తెర మీద రాక్షసుడి గద ఎవరికి పడితే వాళ్ళకి తగులుతోంది. అందరినీ లేపుతూ కోడలి బొమ్మ రొప్పుతోంది.

"ముందు నిలబడి దెబ్బ కాచుకునేవాళ్ళు ఎవరూ లేరేంట్రా?"

"దానికి యోధుడుండాలమ్మా. అన్ని దెబ్బలూ వాడికే. అందుకే ఎవరూ అవ్వరు," అన్నాడు చిన్నకొడుకు.

"అయితే నాకో బొమ్మ ఇవ్వు."

పాపం, కోడలికి సాయంగా వైద్యం నేర్చుకుంటుంది కాబోలు అనుకున్నారు. ఆవిడ వైద్యుణ్ణి దాటేసి, ఇనపచొక్కా తొడుక్కుని డాలు పట్టుకున్న బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఈ వయసులో నీకు యుద్ధమేంటమ్మా?" అన్నాడు పెద్దకొడుకు.

"ఇన్నాళ్ళూ ఏం చేశాననుకున్నావు?"

పొద్దు వాలేదాకా ఆవిడ యోధుల బడి వదల్లేదు. పాదాలు తన్నిపెట్టి కదలకుండా నిలబడటమే అక్కడ మొదటి పాఠం. కర్రబొమ్మలు వచ్చి గుద్దుతుంటే పెదవి బిగించి నిలబడింది. గురువు రెండో పాఠానికి పొమ్మంటే, మొదటిదే ఇంకోసారి చెప్పించుకుంది.

సోమవారం వంటగది ముందు వరసలో అన్నదమ్ములిద్దరే ఉన్నారు. అత్తగారు గోడ పట్టుకోకుండా నడిచి వచ్చి, వాళ్ళకీ కోడలికీ మధ్య నిలబడింది.

"కాస్త తప్పుకోమ్మా, నడుము చూపించుకోవాలి," అన్నాడు పెద్దవాడు.

"ఓర్చుకో. నాలుగు రోజులకి అలవాటవుతుంది. నాకు అవలా?"

ఆవిడ వెనక్కి తిరక్కుండానే కోడలితో, "నువ్వు బయల్దేరమ్మా. బస్సు ఆగినా ఎక్కేవాళ్ళు ఆగరు," అంది.

కోడలు చెప్పులు వేసుకుంటూ తిరిగి చూసింది. పిల్లలు కొట్టు ముందు తోసుకున్నట్టు ఇద్దరూ చెరో పక్కనించీ తల్లిని భుజాలతో నెడుతున్నారు. ఆవిడ పాదాలు పిసరంత కూడా కదల్లేదు. కానీ నెట్టిన ప్రతిసారీ ఆవిడ మొహంలో నొప్పి మెరుస్తూనే ఉంది. కోడలి చెయ్యి అలవాటుగా ముందుకి లేచింది.

"అక్కర్లేదు," అంది అత్తగారు. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."